పిరమిడ్ల ముంగిట పారిన ఏరు

ఈజిప్టులోని గిజాలో సింహిక (స్ఫింక్స్) విగ్రహం ముందు నిలబడి తూర్పుకు తిరిగితే కనిపించేది ఎడారి కాదు, ఊరు. నజ్లెత్ అస్సమ్మాన్ అని ఆ బస్తీ పేరు. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకుని లేచిన అంతస్తుల ఇళ్లు, పర్యాటకుల కోసం గుర్రాలు, ఒంటెలు. 1980ల చివరి నుంచి కైరో మహానగరానికి కొత్త మురుగునీటి లైన్లు వేయడానికి ఆ సందులను తవ్వుకుంటూ పోయారు. 1990లో ఒకచోట, ఇళ్ల కింద కొన్ని మీటర్ల లోతున, నల్లటి బసాల్ట్ బండల పరుపు బయటపడింది. 4,600 ఏళ్ల కిందట ఖుఫు రాజు తన పిరమిడ్ కోసం గుట్ట దిగువన కట్టించిన గుడి నేల అది. ఆ లైన్ల కోసమే చుట్టుపక్కల బోర్లు వేసి మట్టి నమూనాలు పైకి తీశారు. వాటిలో నైలు నది వదిలివెళ్లిన ఒండ్రు ఉంది. ఇప్పుడు నది అక్కడికి తూర్పున చాలా దూరంలో పారుతోంది. గుడి కట్టిన నాడు మాత్రం నీళ్లు దాని గుమ్మం దాకా వచ్చేవి.

పిరమిడ్ల మాట వస్తే అందరం ముందుగా అడిగేది ఒకటే: అంతంత రాళ్లను ఇసుకలో ఎలా లాక్కొచ్చారు? నేనూ చాలా ఏళ్లు అలాగే అడిగాను. ఫొటోల్లో చుట్టూ ఇసుకే కనిపిస్తుంది కాబట్టి ఆ ప్రశ్న రావడంలో తప్పు లేదు. కానీ ఆ ఫొటోలు మన కాలానివి. దూరం నుంచి వచ్చిన ప్రతి రాయీ, ప్రతి దుంగా, ప్రతి ధాన్యం బస్తా గిజాకు పడవ మీదే వచ్చింది. గిజాలో ఇసుక మీద లాగాల్సిన దారి ఆ తర్వాతే మొదలైంది, అది కొంచెమే.

ఇక్కడ ఒక లెక్క సరిగా చెప్పుకోవాలి. ఖుఫు పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్లు ఉంటాయని అంచనా. కట్టినప్పుడు దాని ఎత్తు దాదాపు 146 మీటర్లు. లోపల పేర్చిన రాయిలో చాలా భాగం గిజా గుట్ట మీదే, పిరమిడ్ పక్కనే ఉన్న గనిలో కొట్టినది. దానికి పడవ అక్కర్లేదు. పడవ కావాల్సి వచ్చింది మేలురకం రాళ్లకు. పిరమిడ్ పైన తొడుగులా వేసిన తెల్లని సున్నపురాయి నైలుకు అవతలి గట్టున, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న టూరా గనుల నుంచి వచ్చింది. రాజు గదికి వాడిన గ్రానైట్ దక్షిణాన అస్వాన్ నుంచి, అంటే 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చింది. ఆ గది కప్పు మీద పరిచిన గ్రానైట్ దూలాలు ఒక్కొక్కటి 25 నుంచి 80 టన్నుల దాకా ఉంటాయని అంచనా.

మూడోది బసాల్ట్. నజ్లెత్ అస్సమ్మాన్‌లో బయటపడిన నల్ల బండలు ఆ రాయివే. అది ఫయూమ్ లోయకు ఉత్తరాన ఉన్న గుట్టల్లో దొరికేది. అక్కడి గని నుంచి సుమారు 12 కిలోమీటర్ల పొడవున రాళ్లు పరిచిన బాట ఒకటి ఇప్పటికీ ఆనవాళ్లతో ఉంది. లోకంలో మనకు తెలిసిన రాతి రోడ్లలో అతి పాతవాటిలో అదొకటి. అది గిజాకు పోదు. ఎడారిలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. అది ఆగిన చోట ఒకప్పుడు మోరిస్ సరస్సు అంచు, పక్కనే రేవు ఉండేవి. వరద కాలంలో నైలు నీళ్లు ఆ సరస్సులోకి వచ్చేవి, అప్పుడు సరస్సు నుంచి నదిలోకి పడవకు దారి దొరికేది. 12 కిలోమీటర్ల రోడ్డంతా ఒక రేవు కోసం వేశారంటే వాళ్లు ప్రయాణాన్ని నీటితోనే కొలిచేవారని అర్థమవుతుంది.

నైలు పడవవాళ్లకు రెండు విధాలా సాయం చేసే నది. నీళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పారతాయి. గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. దిగువకు వెళ్లేటప్పుడు ప్రవాహమే తీసుకుపోతుంది. ఎగువకు వెళ్లాలంటే తెరచాప ఎత్తితే చాలు. ఈజిప్టువాళ్ల బొమ్మల లిపిలో కూడా ఇది కనిపిస్తుంది: దక్షిణానికి వెళ్లడం అని రాయాలంటే తెరచాప ఎత్తిన పడవ గీస్తారు, ఉత్తరానికి వెళ్లడం అంటే చాప దించిన పడవ. బరువులు వచ్చే అస్వాన్ ఎగువన ఉంది, గిజా దిగువన. నిండు పడవ ఏటివాలున దిగివస్తుంది, ఖాళీ పడవ గాలికి తిరిగి వెళ్తుంది.

దీనికి తోడు ఏటా వరద. ఇథియోపియా ఎత్తుల్లో కురిసిన వానలతో వేసవి మధ్యలో నైలు పొంగడం మొదలై ఆగస్టు, సెప్టెంబరు నెలలకు పొలాలన్నీ మునిగేవి. రాజధాని మెంఫిస్ ప్రాంతంలో నీటిమట్టం దాదాపు 7 మీటర్లు పెరిగేదని చెబుతారు. పొలాలు నీళ్లలో ఉన్నంతకాలం రైతుకు చేలో పని ఉండదు. అదే సమయానికి పడవలు ఎడారి అంచు దాకా రాగలిగేవి. పనివాళ్లూ, నీళ్లూ ఒకే నెలల్లో సిద్ధంగా ఉండేవన్నమాట. అస్వాన్ హై డ్యామ్ వచ్చాక ఆ వరద ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు అక్కడికి వెళ్లి చూసినా ఆ దృశ్యం ఊహించుకోవాల్సిందే.

ఊహ అక్కర్లేకుండా చేసిన సాక్ష్యం ఒకటి 2013లో దొరికింది. అది దొరికింది గిజాలో కాదు. ఎర్ర సముద్రం గట్టున, సూయెజ్‌కు దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, మనుషులు లేని వాదీ అల్-జర్ఫ్ అనే చోట. ఫ్రాన్స్ పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలే బృందం అక్కడ కొండలో తొలిచిన సుమారు 30 పొడవాటి గుహలను తవ్వింది. అవి పడవలను విడదీసి దాచుకున్న గోదాములు. సముద్రంలో రాళ్లతో కట్టిన అడ్డుగోడ, రాతి లంగర్లు కూడా దొరికాయి. ఇప్పటిదాకా మనకు తెలిసిన సముద్రపు రేవుల్లో అతి పాతది అదే. గుహల నోళ్లను మూసిన పెద్ద బండల మధ్య పపైరస్ (తుంగ జాతి మొక్కతో చేసిన కాగితం) ముక్కలు వందలుగా బయటపడ్డాయి. రాత ఉన్న పపైరస్‌లలో అంతకంటే పాతవి మరెక్కడా దొరకలేదు. ఖుఫు పాలన చివరి రోజులవి.

వాటిలో ఒకటి మెరెర్ అనే మేస్త్రీ రోజువారీ లెక్క. సుమారు 40 మంది ముఠాకు అతను పెద్ద. పని టూరాలో సున్నపురాళ్లు పడవకెత్తి గిజాకు చేర్చడం. నల్ల సిరాతో, ఎర్ర సిరాతో గళ్లు గీసి, ఏ రోజు ఎక్కడున్నారో రాశారు. ఒక నెల చివరి రోజుల రాత ఇలా నడుస్తుంది. 25వ రోజు మెరెర్ తన ముఠాతో దక్షిణ టూరాలో రాళ్లు లాగాడు, రాత్రి అక్కడే. 26న రాళ్లు నింపుకుని పడవ విప్పాడు, రాత్రి ‘షె-ఖుఫు’లో. 27న అక్కడి నుంచి రాళ్లతో ‘అఖెత్-ఖుఫు’ చేరాడు, రాత్రి అక్కడే. 28న తెల్లారి బయల్దేరి ఎగువకు, టూరా వైపు. 29న మళ్లీ రాళ్ల దగ్గర.

అఖెత్-ఖుఫు అంటే ఖుఫు దిగంతం, మనం గిజా మహా పిరమిడ్ అంటున్నదాని అసలు పేరు. షె-ఖుఫు అంటే ఖుఫు తటాకం. ఈ రెండు మాటలు పక్కపక్కన చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. పిరమిడ్ పక్కన నీళ్లు ఉండి ఉండాలని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. ఆ నీటి మీద పడవ నడిపినవాడే దాని పేరు రాసి పెట్టి వెళ్లాడు.

ఈ లెక్క ప్రకారం మెరెర్ పది రోజులకు రెండు మూడు సార్లు తిరిగాడు. వాళ్లకు వారం అంటే పది రోజులు. ఒక్కో పడవ 70, 80 టన్నుల రాయి మోసేదని టాలే అంచనా. ఒక్కో రాయి రెండున్నర టన్నులనుకుంటే ఒక విడతకు 30 రాళ్లు. ఇలాంటి పడవలు ఎన్నో తిరిగి ఉంటాయి. రాత అంతా రాళ్ల గురించే కూడా కాదు. ముఠా టూరాలో పనిలో ఉండగా ఒక మనిషి పడవ వేసుకుని హెలియోపోలిస్ అనే నగరం నుంచి తిండి తేవడానికి వెళ్తాడు. ఇంకోచోట గట్టుకు పాతిన దుంగలను లేపిన పని ఉంది. వరద నీటిని తటాకంలోకి వదలడానికో, అదుపు చేయడానికో చేసిన పనిగా దాన్ని అర్థం చేసుకుంటున్నారు. అంటే పడవ నడిపే ఈ మనుషులే కాలువల పని కూడా చూసుకున్నారు.

నీటి దారికి ఒక అధికారి కూడా ఉన్నాడు. ‘రో-షె ఖుఫు’, అంటే తటాకపు ముఖద్వారం, అంఖ్‌హాఫ్ చేతిలో ఉందని మెరెర్ రాశాడు. అంఖ్‌హాఫ్ ఖుఫుకు సవతి సోదరుడు. అతని ముఖం మనకు తెలుసు. గిజాలో దొరికిన అతని అర్ధ విగ్రహం ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది, కళ్ల కింద అలసట దాకా చెక్కిన విగ్రహం. రాజు ఇంటి మనిషిని రేవు మీద పెట్టారంటే ఆ రేవు మీద ఎంత ఆధారపడ్డారో తెలుస్తోంది. అక్కడ పడవలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతే పైన పని ఆగుతుంది.

పడవ అంత బరువు ఎలా మోసింది? దీనికి చిన్న లెక్క చాలు. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను. ఖుఫు తర్వాత సుమారు 300 ఏళ్లకు, ఆరో వంశపు రాజు మెరెన్రే దగ్గర వెని అనే అధికారి ఉండేవాడు. అబిడోస్‌లో దొరికిన తన సమాధి రాతి మీద అతను చేసిన పనులన్నీ చెక్కించుకున్నాడు. హత్నుబ్ గనిలో పాలరాతి లాంటి రాయితో పెద్ద బలిపీఠం కొట్టించి, దాన్ని తేవడానికి తుమ్మ చెక్కతో 60 మూరల పొడవు, 30 మూరల వెడల్పు ఉన్న పడవను 17 రోజుల్లో కట్టించానంటాడు. ఇసుక తిన్నెల మీద నీళ్లు లేని ఎండాకాలంలోనే పడవను రాజు పిరమిడ్ దగ్గరికి క్షేమంగా చేర్చానని కూడా గొప్పగా చెప్పుకున్నాడు.

వాళ్ల మూర సుమారు 52 సెంటీమీటర్లు. అంటే పడవ 31 మీటర్ల పొడవు, దాదాపు 16 మీటర్ల వెడల్పు. మొనలు సన్నబడి ఉంటాయి కాబట్టి నీటిని తాకే వైశాల్యం సుమారు 350 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద 50 టన్నుల రాయి పెడితే పడవ ఇంకా ఎంత దిగుతుంది? 50 ఘనపు మీటర్ల నీటిని నెట్టాలి. 50ని 350తో భాగిస్తే 14 సెంటీమీటర్లు, ఒక జానెడు కూడా లేదు. లోతు తక్కువ కాలువల్లో, తిన్నెల మధ్య తిరిగే పడవను బల్లకట్టులా వెడల్పుగా ఎందుకు కట్టారో ఈ అంకె చూశాక తెలుస్తుంది. అదే 50 టన్నులను నేల మీద లాగాలంటే వంద మందికి పైగా తాళ్లు పట్టాలి.

వెనియే మరో మాట చెక్కించాడు. గ్రానైట్ కోసం వెళ్లినప్పుడు నైలు మొదటి జలపాతం దగ్గర ఐదు కాలువలు తవ్వించాడట. అక్కడ నది నిండా బండలే, పడవకు దారి దొరకదు. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా నాయకులు తుమ్మ దుంగలు నరికి ఇస్తే మూడు పెద్ద పడవలు, నాలుగు లాగుడు పడవలు కట్టించి, రాళ్లు నింపి పంపాడు. అదంతా ఒక్క ఏడాదిలో. నది సరిగా లేని చోట నదినే దిద్దుకున్నారు.

రేవు ఎక్కడ ఉండేదో పిరమిడ్ కట్టిన తీరులోనే ఉంది. ప్రతి పెద్ద పిరమిడ్ నుంచి ఒక రాతి బాట కిందికి దిగుతుంది. అది దిగువన లోయ ఆలయం అనే గుడి దగ్గర ఆగుతుంది. రాజు శవం పడవలో వచ్చి దిగేది ఆ గుడి దగ్గరే. ఐదో వంశపు రాజు ఉనాస్ బాట గోడ మీద అస్వాన్ నుంచి గ్రానైట్ స్తంభాలను మోసుకొస్తున్న పడవల బొమ్మలే చెక్కారు. కానీ ఇప్పటి నైలు ఈ గుడులన్నిటికీ దూరం. అలాంటప్పుడు ఆ బాటలన్నీ ఏ నీటి దగ్గరికి దిగాయి?

రెండు పరిశోధనలు దీనికి జవాబు ఇచ్చాయి. ఒక బృందం 2019లో గిజా కింది మైదానంలో ఐదు చోట్ల లోతుగా మట్టి కోర్లు (గొట్టంతో పైకి లాగే పొడవాటి మట్టి నమూనాలు) తీసి, పొరపొరలో ఉన్న పుప్పొడిని లెక్కపెట్టింది. 61 రకాల మొక్కల పుప్పొడి దొరికింది. జమ్ము లాంటి నీటి అంచు మొక్కలు ఎక్కువైన పొరలో నీరు నిలకడగా ఉంది, ఎడారి మొక్కలు పెరిగిన పొరలో నీరు తగ్గింది. అలా 8,000 ఏళ్ల నీటి చరిత్రను తిరిగి రాశారు. ఖుఫు, ఖఫ్రే, మెన్‌కౌరే, ముగ్గురు రాజుల కాలంలోనూ గిజా పక్కన నైలు పాయ పడవలు నడిచేంత నిండుగానే ఉందని 2022లో తేల్చారు. కంటికి కనిపించని పుప్పొడి గింజ 4,600 ఏళ్లు మట్టిలో చెడకుండా ఉండి రేవు గురించి సాక్ష్యం చెప్పడం నాకు పిరమిడ్ అంత ఆశ్చర్యంగానే అనిపిస్తుంది.

2024లో ఇమాన్ గొనైమ్ బృందం ఇంకా పెద్ద పటం గీసింది. రాడార్ ఉపగ్రహ చిత్రాలు పైనున్న పొలాలు, ఇసుక అడుగున ఉన్న నేల ఆకారాన్ని చూపించగలవు. వాటిలో ఎడారి అంచు వెంబడి ఒక పాత నదీ మార్గం కనిపించింది. దిగి మట్టి కోర్లు తీస్తే ఏటి ఇసుక, ఒండ్రు బయటపడ్డాయి. గిజా నుంచి దక్షిణాన లిష్త్ దాకా, దాదాపు 64 కిలోమీటర్ల పొడవు, 200 నుంచి 700 మీటర్ల వెడల్పు. దానికి అహ్రామాత్ పాయ అని పేరు పెట్టారు, అరబిక్‌లో ఆ మాటకు అర్థం పిరమిడ్లు అనే. ఆ వరసలో 31 పిరమిడ్లున్నాయి. మ్యాపులో చూస్తే సక్కారా, దహ్షూర్, అబుసీర్ పిరమిడ్లు ఎడారిలో ఒక సన్నని గీత మీద పేర్చినట్టు ఎందుకున్నాయో ఇన్నాళ్లూ చాలామందికి అర్థం కాలేదు. ఆ గీత పాత ఏటి గట్టు.

పడవల పనితనం గురించి కూడా ఒక మాట. 1954లో మహా పిరమిడ్ పక్కన గోతిలో ఖుఫు పడవ దొరికింది. లెబనాన్ దేవదారుతో చేసిన 1,224 ముక్కలు విడివిడిగా పేర్చి ఉన్నాయి. హాజ్ అహ్మద్ యూసుఫ్ అనే నిపుణుడు ఏళ్ల తరబడి ఓపికగా వాటిని తిరిగి కూర్చాడు. పొడవు 43 మీటర్లకు పైనే, చెక్కలన్నీ తాళ్లతో కుట్టినవి. ఇది రాళ్లు మోసిన పడవ కాదు, రాజు కోసం చేసింది. కానీ కుట్టు పడవకు ఒక లాభం ఉంది: తాడు విప్పితే ముక్కలవుతుంది, మోసుకుపోవచ్చు. నైలు నుంచి ఎడారి దాటి వాదీ అల్-జర్ఫ్‌కు పడవలు అలాగే చేరాయి. అక్కడి నుంచి సముద్రం దాటి సినాయ్‌కు వెళ్లేవాళ్లు, రాగి కోసం. గిజాలో రాళ్లు కొట్టిన ఉలులు రాగివే.

రేవు నుంచి పైకి మాత్రం లాగాల్సిందే, అక్కడా నీళ్లు సాయం చేశాయి. దెయిర్ ఎల్-బెర్షాలో జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక బొమ్మ ఉంది. చక్రాల్లేని చెక్క బండి మీద భారీ విగ్రహం, తాళ్లు పట్టిన 172 మంది, బండి మొనపై నిలబడి ముందు ఇసుక మీద నీళ్లు పోస్తున్న మనిషి ఒకడు. అది ఏదో పూజ అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. పొడి ఇసుకలో బండి ముందు ఇసుక కుప్ప పడి అడ్డం వస్తుంది. తగినంత తడిపితే రేణువుల మధ్య సన్నని నీటి వంతెనలు ఏర్పడి ఇసుక గట్టిపడుతుంది, లాగడానికి పట్టే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే మళ్లీ బురదే. ఎంత పోయాలో ఆ మనిషికి తెలుసు.

నీళ్లతో ఏదైనా చేశారని చెప్పేయడం కూడా సరికాదు. ఖుఫును పిరమిడ్ అడుగున, నైలు నుంచి తెచ్చిన కాలువ మధ్య ద్వీపంలో పాతిపెట్టారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ విన్నాడు. అలాంటి ద్వీపం ఏదీ దొరకలేదు. సక్కారాలోని జోసెర్ మెట్ల పిరమిడ్‌ను నీటి ఒత్తిడితో రాళ్లు పైకి లేపి కట్టారని 2024లో ఒక బృందం ప్రతిపాదించింది. ఆ ప్రాంతాన్ని తవ్విన నిపుణుల్లో చాలామంది ఒప్పుకోలేదు, నాకూ నమ్మకం కుదరలేదు. మెరెర్ లాంటివాళ్ల రాతల్లో కనిపించే నీళ్లు యంత్రాన్ని తిప్పే నీళ్లు కావు. పడవను మోసే నీళ్లు.

ఆ పాయ ఎందుకు పోయింది? సుమారు 4,200 ఏళ్ల కిందట పెద్ద కరువు మొదలై నైలు సన్నబడింది. పడమటి ఎడారి నుంచి గాలి మోసుకొచ్చిన ఇసుక అంచులను పూడ్చింది. నది మెల్లగా తూర్పుకు జరిగింది. పాయ చెరువులుగా, కాలువలుగా తెగి చివరికి పొలాల్లో కలిసిపోయింది. పిరమిడ్లు రాతివి కాబట్టి మిగిలాయి, వాటిని కట్టించిన నీళ్లు మిగల్లేదు. అందుకే మన ప్రశ్న ఇసుక దగ్గర మొదలైంది.

మెరెర్ ముఠా ఆ తర్వాత ఎర్ర సముద్రం పనికి వెళ్లింది, లెక్క కాగితాలు కూడా వాళ్లతోనే వెళ్లి అక్కడి బండల మధ్య ఉండిపోయాయి. చెడకుండా మిగిలిన రోజుల్లో దాదాపు ప్రతిదానికీ చివర ఒకే వివరం ఉంటుంది: ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో. పగలంతా రాళ్లెత్తి, సాయంత్రం తటాకంలో పడవ కట్టేసి, వాళ్లు ‘షె-ఖుఫు’ అని రాసిన ఆ చోటు నజ్లెత్ అస్సమ్మాన్ ఇళ్ల కిందే ఉండవచ్చని గిజాలో ఏళ్ల తరబడి తవ్వకాలు చేసిన మార్క్ లేనర్ అభిప్రాయం. అది ఇప్పుడు మురుగు పైపుల కింద, ఒండ్రు పొరల్లో ఉంది.